రిమాండ్ ఖైదీ ఏ బ్యారక్‌లో పడుకోవాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?

రాష్ట్ర జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి, హోంశాఖ ముఖ్య కార్యదర్శి గారికి, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రధాన న్యాయమూర్తులకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థల కార్యదర్శులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లా కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఫీజు ఇచ్చుకోలేరు. తెలంగాణ జైళ్లలో చదువు చెప్పించారు, పెట్రోల్ బంకులు పెట్టి ఖైదీలకు పని చూపించారు. వేరే రాష్ట్రాల వాళ్లు వచ్చి చూసి పోయారు. ఆ మెప్పు మీకు దక్కాల్సిందే. ఇక నేరుగా విషయానికి వస్తాను.

పందొమ్మిదేళ్ల కుర్రాడు. బైక్ దొంగతనం కేసు, అదీ మొదటి కేసు. బెయిల్ వచ్చింది కానీ జమానతుకు ఇద్దరు దొరకలేదు. తల్లి పత్తి ఏరడానికి కూలికి పోతుంది. ఇంటి పన్ను రసీదో, పట్టా పాస్‌బుక్కో ఉన్నవాళ్లు ఆమె కోసం కోర్టు దాకా రాలేదు. ఉమ్మడి జిల్లాలోని ఒక జైల్లో అతన్ని పాత కేసుల్లో ఆరితేరిన వాళ్లున్న బ్యారక్‌కు పంపారు. వెళ్లిన రాత్రే దుప్పటి లాక్కున్నారు. రెండో వారంలో ఎవరో బయట నుంచి తల్లికి ఫోన్ చేసి, ఒక నంబర్‌కు వెయ్యి రూపాయలు ఫోన్‌పే చేయమన్నారు. చేసింది. మళ్లీ అడిగారు. అప్పు తెచ్చి చేసింది. మూడోసారి ఆమె దగ్గర లేవు. కొన్ని రోజులకు ములాఖత్‌లో కొడుకు ఎడమ చెవి పట్టుకుని, గట్టిగా మాట్లాడమని సైగ చేశాడు.

జైలు వైద్యుడి పుస్తకంలో ‘బాత్రూంలో జారిపడ్డాడు’ అని ఉంది. కుర్రాడు కూడా అదే చెప్పాడు. కొట్టినవాడు పక్కనే నిలబడి ఉంటే ఇంకేం చెప్తాడు? ఆ తల్లి నన్ను అడిగింది ఒకటే మాట: “ఎవ్వలకు చెప్పుకోవాలె సార్? లోపల చెప్తె వాన్ని ఇంకా కొడ్తరంట.”

చెప్పుకోవాల్సిన చోట వినతిపత్రం ఇచ్చాం. రసీదు ముద్ర వేశారు. తర్వాత వెళ్తే విచారణలో ఉందన్నారు. ఆ తర్వాత ఆ మాట చెప్పేవాళ్లు కూడా లేరు. అది ఏ జైలో, ఏ కార్యాలయమో ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఒక వార్డర్‌ను సస్పెండ్ చేసి ఫైలు మూసేస్తారు. రాత్రిపూట ఒక్కడే అన్ని బ్యారక్‌లూ చూసుకునే వార్డర్‌ను బలిపెట్టి మేం సాధించేదేమీ లేదు. మాకు కావలసింది ఆ కుర్రాడిని ఆ బ్యారక్‌కు పంపాలని ఎవరు, ఏ కారణంతో నిర్ణయించారో చెప్పే కాగితం. అలాంటి కాగితం లేదు. నేను చూసినంతలో ఆ నిర్ణయం అడ్మిషన్ రాసేవాడు, హెడ్ వార్డర్, బ్యారక్ మేటు (తోటి ఖైదీల మీద పెత్తనం చేసే ఖైదీ) మధ్య నోటిమాటగా తేలిపోతుంది. లోపల ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్ల మాట నెగ్గుతుంది.

చట్టం లేదని అనడానికి వీల్లేదు. 1894 నాటి జైళ్ల చట్టం 27వ సెక్షన్ ఆడవాళ్లను మగవాళ్ల నుంచి, 21 ఏళ్లలోపు వాళ్లను మిగతావాళ్ల నుంచి, శిక్ష పడని వాళ్లను శిక్ష పడిన వాళ్ల నుంచి వేరుగా ఉంచమంటుంది. 24వ సెక్షన్ ప్రకారం లోపలికి వచ్చిన ఖైదీని వీలైనంత త్వరగా వైద్యపరీక్ష చేసి, ఒంటిమీద దెబ్బలుంటే పుస్తకంలో రాయాలి. 2016 నమూనా జైలు మాన్యువల్, 2023లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టం ఇంకా ముందుకు వెళ్లి ఖైదీలను అంచనా వేసి విడదీయాలంటాయి. కానీ పాత చట్టం విడదీసేది వయసు, లింగం, కేసు దశ చూసి. ఇరవై రెండేళ్ల బక్కపల్చని మనిషి, మతి స్థిమితం లేనివాడు, అప్రూవర్‌గా మారినవాడు, కులాంతర పెళ్లి గొడవలో అవతలి పక్షం వాళ్లు ముందే లోపల ఉన్నవాడు, వీళ్లంతా ఆ లెక్కలో ‘మామూలు రిమాండ్ ఖైదీ’ కిందకే వస్తారు. మన జైళ్లలో దెబ్బలు తినేది ఎక్కువగా వీళ్లే.

ఇదేదో ఎక్కడో జరిగే సంగతని అనుకోకండి. కృష్ణకు అవతల కోయిలకుంట్ల సబ్‌జైల్లో 1977 మేలో ఏం జరిగిందో పాత లాయర్లకు గుర్తుంది. ప్రాణహాని ఉందని ముందే చెప్పుకున్న తండ్రీకొడుకులున్న గది మీద రాత్రిపూట బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు. జైలు నడపడం సార్వభౌమాధికారం కింద చేసే పని కాబట్టి నష్టపరిహారం ఇవ్వనవసరం లేదని ప్రభుత్వం వాదించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. జైల్లో ఉన్నంత మాత్రాన జీవించే హక్కు పోదని చెప్పి, 1,44,000 రూపాయల పరిహారాన్ని ఖాయం చేసింది. అది బయటివాళ్లు చేసిన దాడి. 2008 నవంబర్‌లో అనంతపురం జైల్లో, పరిటాల రవి హత్య కేసు నిందితుడు మొద్దు శీనును చంపింది తోటి ఖైదీ. 2023 మేలో ఢిల్లీ తిహార్ జైల్లో ఒక విచారణ ఖైదీని తోటి ఖైదీలు పొడిచి చంపుతుంటే, కాపలా సిబ్బంది నిలబడి చూడటం సీసీ కెమెరాలో రికార్డయింది. వాళ్లిద్దరూ పేరుమోసిన వాళ్లు కాబట్టి మనకు తెలిసింది. చెవి పోయిన పందొమ్మిదేళ్ల వాడి గురించి ఏ టీవీ చెప్తుంది?

ఇక ఈ నిర్లక్ష్యం మామూలు జనం మీద ఎలా పడుతోందో చెప్తాను.

1. డబ్బు. లోపల ఉన్నవాడి భద్రతకు బయట కుటుంబం కిరాయి కడుతోంది. బీడీ కట్టలతో మొదలై ఫోన్‌పే దాకా వచ్చింది. దేవరకొండ దగ్గర తండా నుంచో, కొల్లాపూర్ నుంచో ములాఖత్‌కు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు, లోపల క్యాంటీన్‌కు ఇచ్చేవి వేరే. వాటి మీద ఇది. ఇచ్చినవాళ్లు ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎందుకంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడు.

2. చేయని తప్పు ఒప్పుకోవడం. చిన్న కేసుల్లో, లోపల ఉన్నన్ని రోజులనే శిక్షగా లెక్కేసి వదిలేస్తారని తెలిసి, దెబ్బలు తప్పించుకోవడానికి తప్పు ఒప్పుకుంటున్నారు. వాదిస్తే గెలిచే కేసులు ఇలా వదులుకోవడం నేను చూశాను. ఆ మనిషికి జీవితాంతం శిక్ష పడినవాడనే ముద్ర పడుతుంది. రేపు సెక్యూరిటీ గార్డు ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ అడిగితే అక్కడ ఆగిపోతాడు. ఇంకో కేసులో ఇరికిస్తే, మొదటిసారి నిందితుడికి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం గడిచాక విడుదలయ్యే వీలు ఇచ్చే నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్‌లోని ఆ వెసులుబాటు అతనికి దక్కదు. గుడుంబా కేసుల్లో లంబాడ ఆడవాళ్లు, అడవి కేసుల్లో అమ్రాబాద్ చెంచులు ఇలా ఒప్పుకున్నవి లెక్కపెడితే బాగుంటుంది.

3. లైంగిక దాడి. దీని గురించి రాయడానికి మన జిల్లాల్లో ఎవరికీ చెయ్యి రాదు, బాధితుడికి నోరు రాదు. మగవాడు మగవాడి మీద చేసిన దాడి అని చెప్పుకుంటే ఊళ్లో తలెత్తుకోలేడు, పెళ్లి కాదు. చట్టం కూడా ఈమధ్యే అతని చేయి వదిలేసింది. పాత శిక్షాస్మృతిలో ఇలాంటి దాడికి శిక్ష వేసే 377వ సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో దానికి సమానమైనది లేదు. పద్దెనిమిదేళ్లలోపు అయితే పోక్సో ఉంది. అంతకన్నా ఒక్క రోజు పెద్దవాడైనా, గాయపరిచారనో నిర్బంధించారనో సెక్షన్లు పెట్టి సరిపెట్టుకోవాలి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి అయితే 2019 చట్టం కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. పార్లమెంటు దాన్ని సరిచేసేదాకా జైలు గోడల మధ్య ఈ నేరాన్ని ఆపగలిగింది జైలు నియమాలే. అందుకే బ్యారక్ కేటాయింపును నేను ఇంతగా పట్టుకుంటున్నాను.

4. మతి చెదిరినవాళ్లు. 2022లో దేశంలోని జైళ్లలో అసహజంగా చనిపోయిన 159 మందిలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నవాళ్లే. వీళ్లలో ఎంతమందిని పక్కవాళ్లు వేధించారో ఆ లెక్కల్లో ఉండదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 103వ సెక్షన్ ప్రకారం, మానసిక జబ్బున్న ఖైదీలు తమ జైల్లో లేరని ధ్రువీకరిస్తూ జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు నివేదిక పంపాలి. మన జైళ్ల నుంచి అవి వెళ్తున్నాయా?

5. భాష రానివాళ్లు. ఇటుక బట్టీల్లో పనికి వచ్చిన ఒడియా కూలీ మన జైల్లో ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? అర్జీ రాయాలన్నా పక్కవాడినే బతిమాలాలి.

ఇక్కడ చదివేవాళ్లలో కొందరికి ఒక ప్రశ్న వస్తుంది. చిన్నపిల్లను పాడుచేసినవాడిని లోపల నాలుగు తన్నితే తప్పేంటి? మా బార్ రూమ్‌లో కూడా ఈ మాట వింటూనే ఉన్నాను. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది శిక్ష పడని విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైనే. పోక్సో కేసుల్లో నిజమైన దుర్మార్గులున్నారు. ఇంట్లోంచి వెళ్లిపోయి పెళ్లి చేసుకున్న పదిహేడేళ్ల పిల్ల తండ్రి పెట్టిన కేసులో ఇరుక్కున్న ఇరవై ఏళ్ల వాడూ ఉన్నాడు. బ్యారక్‌లో కొట్టేవాడు చార్జిషీట్ చదివి కొట్టడు. శిక్ష వేయడానికి ప్రభుత్వం జీతమిచ్చి జడ్జిలను పెట్టుకుంది. ఆ పని బ్యారక్‌లోని పెద్దమనిషికి అప్పగిస్తే ముందు నష్టపోయేది ఆ చిన్నపిల్ల కుటుంబమే, ఎందుకంటే విచారణకు నిందితుడు బతికి రావాలి.

మా డిమాండ్లు ఇవి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ స్థాయిలో ఒక సర్క్యులర్ చాలు.

1. లోపలికి వచ్చిన ప్రతి ఖైదీతో 24 గంటల్లోపు జైలర్ స్థాయికి తగ్గని అధికారి ఒంటరిగా మాట్లాడాలి. వయసు, ఒళ్లు, ఆరోగ్యం, మొదటి కేసా, లోపల శత్రువులు ఎవరైనా ఉన్నారా, సహనిందితులతో గొడవ ఉందా, కేసు స్వభావం వల్ల ప్రమాదం ఉందా, ముందు ఎప్పుడైనా దాడికి గురయ్యాడా అని అడిగి రాసుకోవాలి. అమెరికాలో 2003లో జైళ్లలో అత్యాచారాల నివారణకు చట్టం చేసి, 2012లో నియమాలు రాశారు. ఖైదీ వచ్చిన 72 గంటల్లో ఈ అంచనా, 30 రోజుల్లోపు మరోసారి. అక్కడి పెద్ద జైళ్లకు అది సరిపోయిందేమో, మన జిల్లా జైళ్లకు 72 గంటలు అక్కర్లేదు. అసలు ప్రమాదం మొదటి రాత్రే. ఆ అంచనా అయ్యేదాకా కొత్తవాళ్లను విడిగా ఉంచే గది ఒకటి ప్రతి జైల్లో, సూర్యాపేట, మిర్యాలగూడ లాంటి సబ్‌జైళ్లలో కూడా ఉండాలి.

2. బ్యారక్ కేటాయింపు రాతపూర్వకంగా, కారణంతో, సంతకంతో ఉండాలి. మార్చినా అంతే. కులం చూసి బ్యారక్ ఇవ్వడం ఏ పేరుతోనూ జరగకూడదు. జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమని 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెప్పింది. ‘వాళ్లవాళ్లను కలిపి ఉంచితే గొడవ ఉండదు’ అనే పాత అలవాటు భద్రత ముసుగులో మళ్లీ రాకుండా చూడండి.

3. కాపాడటం పేరుతో శిక్ష వేయొద్దు. ఫిర్యాదు చేసినవాడిని తీసుకెళ్లి ఒంటరి గదిలో పెట్టి, ములాఖత్, క్యాంటీన్, ఎండలో తిరగడం అన్నీ తీసేస్తే ఇంకెవరైనా నోరు తెరుస్తారా? ముందు కదిలించాల్సింది కొట్టినవాడిని. తప్పనిసరై బాధితుడిని విడిగా పెట్టినా అతని సదుపాయాలన్నీ ఉండాలి, ప్రతి వారం కారణం తిరగరాయాలి. 15 రోజులకు మించిన ఏకాంత నిర్బంధాన్ని నిషేధించాలని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు చెప్తున్నాయి. భద్రత అనే సాకుతో దూరం జైలుకు బదిలీ చేయడం కూడా శిక్షే. అచ్చంపేట అవతల నుంచి వచ్చే తల్లికి మహబూబ్‌నగరే దూరం, చర్లపల్లి గురించి చెప్పనక్కర్లేదు.

4. ఖైదీలకు తోటి ఖైదీల మీద పెత్తనం ఇచ్చే మేటు పద్ధతి పోవాలి. ఏ ఖైదీకీ క్రమశిక్షణ అధికారం ఇవ్వకూడదని అవే మండేలా నియమాల్లో ఉంది. సిబ్బంది తక్కువ కాబట్టి మేట్లు నడిపిస్తున్నారన్నది నిజం. అందుకు వార్డర్ పోస్టులు నింపమని ప్రభుత్వాన్ని అడగాలి, మేమూ మీతో కలిసి అడుగుతాం.

5. ఫిర్యాదుల పెట్టె తాళం జైలు చేతిలో ఉండకూడదు. 1979లో తిహార్ ఖైదీ ఒకడు, తోటి ఖైదీని డబ్బు కోసం వార్డర్ హింసించాడని సుప్రీంకోర్టుకు ఉత్తరం రాస్తే, జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జి ఆధ్వర్యంలో ఫిర్యాదుల పెట్టెలు ఉండాలని ఆ తీర్పులోనే ఉంది. ప్రధాన న్యాయమూర్తులకు నా విన్నపం: మీ తరఫున ఒకరు ముందు చెప్పకుండా వచ్చి ఆ పెట్టె తెరవాలి. చదువురాని వాళ్ల కోసం పారాలీగల్ వలంటీర్లు బ్యారక్ దాకా వెళ్లి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. న్యాయ సేవల ఉచిత నంబర్ 15100 ప్రతి బ్యారక్ గోడ మీద తెలుగు, ఉర్దూ, హిందీలో రాయించాలి, ఆ నంబర్‌కు చేసుకునే కాల్ ఎవరూ వినకూడదు. కుటుంబం ఇచ్చే ఫిర్యాదుకు 48 గంటల్లో రాతపూర్వక జవాబు రావాలి.

6. ట్రాన్స్‌జెండర్ ఖైదీలకు విడిగా, అలాగని ఒంటరిగా వదిలేయకుండా వసతి ఉండాలని కేంద్ర హోంశాఖ 2022 జనవరిలోనే రాష్ట్రాలకు రాసింది. రెండు జిల్లాల్లో ఏ జైల్లో ఆ ఏర్పాటు ఉందో చెప్పండి.

7. వయసు. 2019లో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన ‘దిశ’ హత్యాచారం కేసు నిందితులు నలుగురూ పాలమూరు వైపు పల్లెల వాళ్లే. వాళ్లలో ముగ్గురు నేరం జరిగిన నాటికి మైనర్లని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పింది. ఆ నేరం ఎంత ఘోరమైనదైనా, పోలీసులు, కోర్టు, జైలు దాటిపోయేదాకా ఎవరూ వయసు సరిగా చూడలేదన్నది నిలిచిపోయిన వాస్తవం. మన తండాల్లో ఆధార్ కార్డు చూస్తే ఇంటిల్లిపాదీ జనవరి 1నే పుట్టినట్టు ఉంటుంది. ఆధార్ వయసుకు రుజువు కాదని సుప్రీంకోర్టు కూడా 2024లో తేల్చింది. బాల న్యాయ చట్టం 94వ సెక్షన్ చెప్పినట్టు బడి సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతే వైద్యపరీక్ష. పిల్లవాడిలా కనిపించే ప్రతి ఒక్కరి విషయంలో అడ్మిషన్ రోజే జైలు నుంచి కోర్టుకు లేఖ వెళ్లాలి. ఇది తేలేదాకా పెద్దవాళ్ల బ్యారక్‌లోకి పంపొద్దు.

8. ‘జారిపడ్డాడు’ అని రాసిన ప్రతి గాయాన్నీ ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు చూడాలి. పరీక్ష జరిగేటప్పుడు ఖైదీలూ జైలు సిబ్బందీ వినిపించే దూరంలో ఉండకూడదు. పోలీస్ స్టేషన్ల సీసీ కెమెరా రికార్డింగ్ 18 నెలలు దాచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. జైలు బ్యారక్ వరండాల రికార్డింగ్‌కు కూడా అదే గడువు పెట్టండి. దాడి జరిగితే శాఖాపరమైన విచారణతో ఆపకుండా ఎఫ్‌ఐఆర్ కట్టించండి.

9. రద్దీ తగ్గించండి. అర్హులైన వాళ్ల పేర్లు 479వ సెక్షన్ కింద కోర్టుకు పంపే బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. జమానతు కట్టలేని విచారణ ఖైదీకి డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. మా కుర్రాడికి దాని పేరు కూడా ఎవరూ చెప్పలేదు.

రెండు నెలల్లోపు ఈ తొమ్మిదింటిలో ఏవి చేస్తారో, ఏవి చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా చెప్పండి. చేయలేనివి ఉంటే కూర్చుని మాట్లాడటానికి మేం సిద్ధం. రెండు జిల్లాల జైళ్లలో గత మూడేళ్లలో ఖైదీల మధ్య దాడులు ఎన్ని, ఎఫ్‌ఐఆర్‌లు ఎన్ని, ‘జారిపడ్డ’ గాయాలు ఎన్ని అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు విడిగా పెడుతున్నాం. ఒక మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టం 7వ సెక్షన్‌లో ఉన్న సంగతి సమాచార అధికారులకు గుర్తు చేస్తున్నాం. జవాబు రాకపోతే ఈ లేఖనే జతచేసి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తాం.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ జిల్లా నుంచి ఒక న్యాయవాది